బానోతు సోమ్లా పేరు మీది బకాయి

మానుకోట దాటాక, గూడూరు ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా జీపు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, పొయ్యిల మీద గంజులు, గంజుల చుట్టూ జనం. రెండు వేల పదకొండు, మార్చి మొదటి వారం. సహాయ నిరాకరణ రోజులు. ఆఫీసుల్లో కలాలు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో పడుకున్నాయి, రోడ్ల మీద వంటావార్పులు లేచాయి. తెలంగాణ వచ్చేదాకా సర్కారుకు నయాపైసా పన్ను కట్టవద్దని గోడల నిండా రాశారు. నేను జనగామలో రైలెక్కి, మానుకోటలో దిగి, రేగొండ పోదామని బయలుదేరినవాణ్ని. రేగొండలో ఒక మిత్రుడి ఇంటి అటక మీద పాత తాటాకు పుస్తకాలున్నాయట. నాకంటే ముందు చెదలు చదివేస్తాయేమోనన్న ఆత్రం తప్ప వేరే పని లేదు.

"దిగుండ్రి, తినుండ్రి. తెలంగాణ వచ్చినంక పోదురు," అని పొయ్యిల దగ్గరి ఆడవాళ్లు నవ్వారు. జీపు డ్రైవరు స్టీరింగు మీద కాళ్లు చాపి కళ్లు మూసుకున్నాడు.

కిలోమీటరు రాయి మీద ఒక మనిషి కూచుని ఉన్నాడు. కూచున్నవాడి వెన్ను అంత నిటారుగా ఉండటం మన వైపు అరుదు. నాగలి వంచకపోతే అప్పు వంచుతుంది. ఈయనకు అరవై దాటి ఉంటాయి. మాడు పగిలే ఎండలో ఖాకీ ఉన్ని స్వెట్టరు తొడుక్కున్నాడు. చేతిలో నాలుగు మడతల కాగితం.

"సారూ, సదువొస్తదా?" అన్నాడు.

"కొంచెం వస్తది."

"కొంచెం చాలు. కాగితం సుత కొంచెమే ఉన్నది."

"ఫౌజు మనిషి లెక్క ఉన్నవు. నీకు చదువు రాదా అన్నా?"

"హిందీ వస్తది. ఫౌజుల నేర్పిండ్రు. తెలుగు రాదు." "సర్టిఫికెట్ల మాత్రం అయిదు పాసైన," అని రోడ్డు వైపు చూశాడు.

కాగితం విప్పి పైకి చదివాను. 'గ్రామ పంచాయితీ సర్పంచ్ గారికి, మాజీ సైనికుడు బానోతు సక్రు వ్రాసి ఇచ్చు వాంగ్మూలం ఏమనగా, ఇంటి నంబరు 4-17 గల ఇల్లు నా తమ్ముడు బానోతు సోమ్లా పేరు మీద ఉన్నది. సదరు సోమ్లా 1971 డిసెంబరు నెలలో జ్వరముతో మరణించినాడు. కావున ఇంటిని నా పేరు మీదికి మార్చి, మాజీ సైనికులకు గల మాఫీ ప్రకారం పన్ను బకాయి, జుర్మానా రద్దు చేయగలరు.' అడుగున వేలెడు ఖాళీ, సంతకం కోసం.

"సదరు అంటే ఏంది సారూ?"

"పైన చెప్పిన మనిషి అని."

"పైన చెప్పిన మనిషి," అని నవ్వాడు. "కింద ఉన్న మనిషి కాదన్నట్టు. ఇంకోపాలి సదువు. పేరు కాడికెల్లి."

మళ్లీ చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. దూరపు రేడియోలో పాట అందీ అందకుండా వస్తుంటే చెవి ఒగ్గి వినే మనిషిలా ఉన్నాడు.

"ఇయ్యాల పగటీలి పంచాయితీల మీటింగున్నది. నాకు సన్మానం జేస్తరట. దాని ఎన్కనే పన్ను కట్టనోళ్ల పేర్లు సదువుతరు. ఈ సంతకం పెడితె బాకీ మాఫి. పెట్టకపోతె తలుపులు పీక్కపోతరు," అన్నాడు.

"ఊళ్లో చదివినవాళ్లు లేరా? ఇంత దూరం వచ్చి నన్ను అడుగుతున్నవు?"

"ఊరోళ్లు సదివితె నా మొఖం జూస్తరు. నువ్వు తొవ్వంట పోయెటోనివి, మల్ల కనవడవు." రాయి మీద నుంచి లేచాడు. "మా తండా గీన్నే, రెండు మైళ్లు. జీపు సాయంత్రం దాక కదలది. నడుస్తవా?"

నడిచాను. ఆయన ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఒక మనిషి పింఛను పోయే ప్రమాదం ఉంది. ఆయన పేర్లు రెండూ నేను మార్చాను కూడా. పేరు మార్చడం ఎంత ప్రమాదమో ఆయన నోట విన్న తర్వాత కూడా మార్చక తప్పలేదు.

మిరప చేల గట్ల మీద నడిచాం. ఏరివేత సాగుతోంది, గాలిలో ఘాటు. నేను తుమ్ముతూ, ఆయన కవాతు అడుగులు వేస్తూ.

"ఛాతీ నాది, కాగితం వానిది," అని మొదలుపెట్టాడు.

అరవై ఏడులో మానుకోట బడి మైదానంలో ఫౌజు భర్తీ జరిగింది. ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు సక్రు అయిదో తరగతి పాసయ్యాడు. ఆ తండాలో సర్టిఫికెట్టు సంపాదించిన మొదటివాడు. కాని దగ్గు మనిషి, చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. చిన్నవాడు సోమ్లా బడి గడప తొక్కలేదు, గంగారం అడవిలో కొట్టిన టేకు దుంగను ఒక్కడే భుజాన వేసుకుని వచ్చేవాడు. సర్టిఫికెట్టు లేనివాణ్ని తీసుకోరు, ఛాతీ లేనివాణ్నీ తీసుకోరు. తండ్రి రెండు రోజులు ఆలోచించి, పెద్దవాడి కాగితం చిన్నవాడి జేబులో పెట్టి పంపాడు. మైదానంలో 'సక్రు' అని పిలిస్తే చిన్నవాడు పలికాడు. అప్పటి నుంచి ఫౌజులో అతడు సక్రు. ఇంటి దగ్గర మిగిలిన అన్న, పట్వారీ లెక్కలోనూ ఓటరు జాబితాలోనూ ఇంటి నంబరులోనూ సోమ్లా అయ్యాడు. ఒక తండాలో ఇద్దరు సక్రులుంటే ఎవరైనా అడుగుతారు కదా.

"అయితే ఈ కాగితంలో చచ్చిపోయిన సోమ్లా..."

"మా అన్న. పేరు నాది. సోమ్లా అంటే నేనే సారూ."

మన పంతుళ్లు పుట్టినరోజులు మార్చడంలో చేయి తిరిగినవాళ్లు. నా తరంలో సగం మంది జూన్ ఒకటిన, మిగతా సగం జూలై ఒకటిన పుట్టాం. ఆ అబద్ధంతో ఉద్యోగాలు చేశాం, దానితోనే రిటైరయ్యాం, ఎవరికీ నిద్ర చెడలేదు. పేరు మాత్రం వేరే సంగతి. దయ్యం పేరు పెట్టి పిలుస్తుందని, మూడోసారి పిలిస్తే తప్ప పలకరాదని చెప్పిన మన అవ్వలు ఏ తత్త్వశాస్త్రమూ చదవలేదు. కాని పేరు మనిషికి పెట్టిన తలుపు వంటిదని, దాని గుండా ఏదైనా లోపలికి రాగలదని వాళ్లకు తెలుసు.

"డెబ్బై ఒకటి లడాయి. తూర్పు దిక్కు ఒక నది గట్టు. పొద్దుగాల హాజరు తీస్తున్నరు. హవల్దారు 'బానోత్ సక్రూ' అన్నడు. 'హాజిర్ సాబ్' అన్న. ఆ మాట నోట్లకెల్లి ఎల్లిందో లేదో గోళా పడ్డది. ఇటుపక్కోడు లేడు, అటుపక్కోడు లేడు. నాకు గీసుక సుత పోలే."

రెండు నెలలకు ఇంటి నుంచి కార్డు వచ్చింది. తెలుగులో ఉంది. పటాలంలో తెలుగు చదవగలిగినవాడు విజయనగరం వైపు కుర్రాడు ఒక్కడే.

"రోజు నన్ను ఎక్కిరిస్తుండె, గిట్ల గట్ల అనుకుంట. అయిదు పాసైనోడికి అక్షరం రాదేంట్రా అనేటోడు. ఆ దినం ఎక్కిరియ్యలే. 'మీ తమ్ముడు సోమ్లా పోయాడ్రా' అని సదివిండు. నేను సచ్చిన్నని నాకే సదివి చెప్పిండు సారూ. తారీఖు జూస్తె, గోళా పడ్డ దినమే."

ఆయన ఆగాడు. నేనూ ఆగాను. మిరప చేలో ఎవరో ఎవరినో తిడుతున్నారు, నవ్వుతున్నారు.

"సావు సోమ్లాను ఎతుక్కుంట వచ్చింది. నది గట్టు మీద సోమ్లా అనెటోడు దొరకలే. అందరు సక్రు అంటుండ్రి నన్ను. ఇగ అడుక్కుంట అడుక్కుంట తండాకు పోయింది. ఆడ సోమ్లా అంటె మా అన్న పలికిండు."

అది నమ్మకమో పిచ్చో నేను తేల్చను. నలభై ఏళ్లుగా ఆయన దానిలోనే కాపురం ఉన్నాడు. ఎనభై అయిదులో రిటైరై ఇంటికి వచ్చిన మొదటి తెల్లవారు, దర్వాజ బయట దగ్గు వినిపించింది. మూడు దగ్గులు, ఒక ఉమ్ము, కాసేపటికి మళ్లీ దగ్గు. లేచి తలుపు తీస్తే వాకిలి ఖాళీ. ఊపిరాడని మనిషి చేయి ఆనించుకున్నట్టు దర్వాజ చెక్క వెచ్చగా ఉండేదట. అలా ఇరవై ఆరేళ్లుగా వస్తూనే ఉన్నాడు.

"భయం కాదా?"

"మా అన్ననే గద. లోపటికి రమ్మంటె రాడు. ఏమని రమ్మనాలె? సోమ్లా అని పిలిస్తె నన్ను నేను పిలుసుకున్నట్టు. సక్రు అని పిలిస్తె ఊరంత నన్నే గట్ల పిలుస్తది."

పన్ను సంగతి అప్పుడు అడిగాను. ఆయన పిసినారి కాదని నాకు అర్థమైంది. పింఛను వచ్చే మనిషి ఏడాదికి వంద చిల్లర కట్టలేక కాదు.

ఆయన మొదట్లో ఏటా కట్టేవాడు. రశీదు సోమ్లా పేరు మీదే వచ్చేది. పదకొండేళ్ల కింద ఒక ఏడు ఆలస్యమైంది. అప్పటి సర్పంచి బకాయిదారుల పేర్లు డప్పు కొట్టించి వీధుల్లో చాటించే పద్ధతి పెట్టాడు. పంచాయితీలో రశీదులు రాసే కారోబారు హన్మంత్ తండాకు వచ్చి, 4-17 ముందు నిలబడి, డప్పు మీద ఒక దెబ్బ వేసి, 'బానోతు సోమ్లా' అని మూడుసార్లు అరిచాడు.

"ముప్పై ఏండ్లకు నా పేరు ఇన్న సారూ. మా యాడి, మా అమ్మ, పోయినంక ఎవలు పిలువలే. లోపట కూసొని ఇన్న. మల్లేడు కట్టలే. హన్మంతు మల్ల వచ్చిండు, మల్ల పిలిచిండు. ఇగ కట్టుడు బందువెట్టిన."

తండా వచ్చింది. 4-17 మట్టి గోడల ఇల్లు, దానికి తగని పెద్ద టేకు తలుపులు. వాకిట్లో ఒక ముసలామె చేటలో కందులు చెరుగుతోంది. ఆమె గంగి, ఆయన అన్నకు భార్య. భోజాయి అని పిలిచాడు. వాళ్ల మాటలో వదిన. ఇంట్లో వాళ్లిద్దరే. ఇద్దరి మధ్య వాళ్ల భాషలో నాలుగు మాటలు నడిచాయి. నాకు సోమ్లా అన్న ఒక్క ముక్కే అందింది. ఆమె నా వైపు తిరిగింది.

"చెప్పిండా?"

"చెప్పిండు అవ్వా."

"ఆయన దినాం ఆయన పేరు లెక్కనే చెప్తడు. నా లెక్క ఎవలు చెప్పాలె?" చేట కింద పెట్టింది. "మొగడు బతికున్నన్ని దినాలు ఆడిది వాని పేరు తియ్యొద్దు గద. మా ఇండ్లల్ల సచ్చినంక తియ్యొచ్చు. పేరు వట్టి ఏడ్వాలె. పెండ్లాం పేరు వట్టి ఏడిస్తెనే పీనుగకు తొవ్వ దొరుకుతది. నా మొగడు సచ్చిన దినం పోలీసు పటేలు వచ్చి వాకిట్ల నిలవడ్డడు. ఎవలు సచ్చిండ్రు అన్నడు. మా మామ నా చెవుల చెప్పిండు: సోమ్లా అని ఏడువు, సక్రు అంటివా, ఆడ కొడుకును జైల్ల ఏస్తరు అని. ఏడ్సిన. మరిది పేరు వట్టి ఏడ్సిన. నా మొగనికేం తెలుస్తది, తననే ఏడుస్తున్నరని?"

ఆయన దర్వాజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"పెట్టు సంతకం," అంది గంగి ఆయనతో, తెలుగులోనే, నేను వినాలని కావచ్చు. "తలుపులు పోతె ముసల్దాన్ని, ఏడ వండుకోను? కాని ఒక్కటి. పెడితివా, సచ్చింది సోమ్లానే అని ఇంకోపాలి రాస్తరు. మా ఆయన రెండోసారి సుత సావడు. వాకిట్ల దగ్గుకుంటనే ఉంటడు."

"నువ్వు సుత ఇంటున్నవా దగ్గు?" అన్నాడాయన.

"నీకంటె ముంగటికెల్లి."

ఆ మాట వాళ్లిద్దరూ ఇంతకు ముందు ఎన్నడూ అనుకోలేదని వాళ్ల మొహాలు చెప్పాయి. ఇరవై ఆరేళ్లు ఒకే చూరు కింద, ఒకే దగ్గును, ఒకరికి తెలియకుండా ఒకరు విన్నారు.

ముగ్గురం ఊళ్లోకి పోయేసరికి పంచాయితీ ఆఫీసు ముందు టెంటు వేసి ఉంది. వంద మందికి పైగా జనం. కార్యదర్శి పెన్ డౌన్‌లో ఉన్నాడు గనుక రాయవలసిందంతా హన్మంతే రాస్తున్నాడు. సర్పంచి సుశీల నలభై దాటని రైతు మనిషి, కొంగు నడుముకు చుట్టి, మైకును కొడవలి పట్టినట్టు పట్టుకుంది. మొదట సన్మానం. మూడు మడిగెల్లో కిరాణా, ఎరువుల దుకాణాలున్న వెంకటేశం సేటు శాలువా తన తరఫు నుంచి అని రెండుసార్లు చెప్పి, ఫౌజీ భుజాల మీద కప్పాడు.

"మన మిలట్రీ సక్రన్న! నలభై ఏండ్ల కింద దేశం కోసం ప్రాణం ఇద్దామని పోయిండు. ఇయ్యాల తెలంగాణ కోసం మనం గా మాత్రం చెయ్యలేమా? అందుకనే చెప్తున్న, పన్ను కట్టుడు ఉద్యమానికి ద్రోహం."

"సేటూ, నీ ఉద్యమం మూడు మడిగెల బాకీ కాడ పుట్టిందా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. జనం ఘొల్లుమన్నారు.

సుశీల మైకు తీసుకుంది. "సర్కారుకు కట్టొద్దు అన్నరు, నేను సుత కట్టలే. ఇది పంచాయితీ పన్ను, మన బోరు మోటరుకు. కాలిపోయి పది దినాలు. మోటరుకు ఉద్యమం తెల్వది, నీళ్లకు తెల్వది. కట్టగల్గి కట్టనోళ్లకు ఏం జుర్మానా ఎయ్యాలె, కట్టలేనోళ్లను ఏం జెయ్యాలె, మీరే చెప్పుండ్రి."

తలుపులు పీకుడు పాత పద్ధతే అని ఒకాయన అన్నాడు. పాత పద్ధతి నాకు తెలుసు. నా చిన్నప్పుడు జనగామ పక్క ఊళ్లలో శిస్తు కట్టనివాణ్ని ఎండలో వంచి వీపు మీద బండ పెట్టేవాళ్లు. తుమ్మెద పువ్వు నలగకుండా తేనె తీసినట్టు రాజు పన్ను తీసుకోవాలని పూర్వులు రాశారు. రాసినవాళ్లు తుమ్మెదను చూసి ఉంటారు, పటేలును చూసి ఉండరు.

"తలుపే లేనోళ్లకు ఏం పీకుతరు?" అంది ఒక ముసలామె. "మాది తడికె. తడికె పీకి ఏంజేస్తరు, పొయ్యిల పెడతరా?"

"సేటు మడిగెలకు షట్టర్లు. షట్టర్ ఎట్ల పీకుతవ్ హన్మంతన్నా?"

"పెద్ద బాకీకి షట్టరు, చిన్న బాకీకి తలుపు. ఇగ మాఫీ ఎవలకు?"

"లేనోళ్లు రెండు దినాలు కాలువ పనికి రావాలె, ఉన్నోళ్లు రెండింతలు కట్టాలె," అన్నాడొక జేఏసీ కుర్రాడు. "పేర్లు మాత్రం అందరియి ఒక్క తీరుగనే సదువాలె. పెద్దోళ్లయి మెల్లగ, చిన్నోళ్లయి గట్టిగ కాదు."

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఫౌజీ మాత్రం శాలువాతో కుర్చీలో నిటారుగా కూచుని, కాగితాన్ని మోకాలి మీద సాపు చేస్తున్నాడు. గంగి ఆడవాళ్లలో, నేల మీద. నేను టెంటు గుంజ పక్కన.

"సక్రన్నా, నేను రాసిచ్చిన కాగితం ఇయ్యరాదె. నీదే మొదటి పేరు ఉన్నది. సదువక ముందే తీసేస్త," అని హన్మంత్ గొంతు తగ్గించి కలం చాపాడు. నిజంగా ఆయన మేలు కోరే చాపాడు.

ఆయన కలం తీసుకున్నాడు. ఖాళీ మీద పెట్టాడు. కొంచెం సేపు అలాగే ఉంచాడు. తర్వాత కలానికి మూత పెట్టి హన్మంత్‌కు తిరిగి ఇచ్చాడు.

"సదువు," అన్నాడు.

"ఏందన్నా?"

"పేరు సదువు. ఎప్పుడు సదివినట్టె."

హన్మంత్ సుశీల వైపు చూశాడు. ఆమె తల ఊపింది. మూడు పిలుపులకు పలకకపోతే జప్తు అని రాయడం అక్కడి రివాజు.

"ఇంటి నంబరు నాలుగు బై పదిహేడు. బానోతు సోమ్లా!"

ఎవరూ పలకలేదు. 'సచ్చినోడు ఏం పలుకుతడు' అని ఎవరో నవ్వారు.

"బానోతు సోమ్లా!"

నాకు గంగి కనిపిస్తోంది. ఆమె నేల మీద రెండు చేతులూ ఆనించి, లేవబోతున్నదానిలా ఉంది.

"బానోతు సోమ్లా!"

ఆయన లేచి నిలబడ్డాడు. మడమలు కలిశాయి.

"హాజిర్," అన్నాడు.

టెంటు కింద నవ్వు మొదలై, సగంలో ఆగింది. "బాపూ, నువ్వు సక్రువు గద," అంది సుశీల. "సోమ్లా మీ తమ్ముడు. తమ్ముని బదులు పలుకుతున్నవా?"

"లేదు బిడ్డా. సోమ్లాను నేనే. సక్రు మా అన్న. డెబ్బై ఒకట్ల సక్రు సచ్చిండు. నేను ఆయన కాగితం వెట్టుకొని ఫౌజుకు పోయిన."

ఆ మాట జనంలోకి పూర్తిగా ఇంకకముందే ఒక అరుపు లేచింది. "సక్రూ..." అది గంగి. అరవై ఏళ్ల ముసలామె గొంతు కాదది. పందొమ్మిది, ఇరవై ఏళ్ల కొత్త విధవ గొంతు. నలభై ఏళ్లు ఎక్కడ దాచిందో. మొగుడి పేరు ఆమె నోట మొదటిసారి వచ్చింది, వచ్చి మళ్లీ వచ్చింది, వాళ్ల భాషలో దానికి ముందూ వెనకా మాటలు పేరుకున్నాయి: నీ కంబళి ఇక్కడే ఉంది సక్రూ, నీ అయిదో తరగతి పలక ఇక్కడే ఉంది సక్రూ. అర్థం నా పక్కనున్న తండా మనిషి చెప్పాడు, చెబుతూ తలగుడ్డ విప్పేశాడు. గంగికి పిచ్చెక్కిందని ఊరివాళ్లు అనుకున్నారు. కాని తండా నుంచి వచ్చిన ముగ్గురు ముసలమ్మలు మాత్రం మారు మాట లేకుండా లేచి, ముసుగులు మొహం మీదికి లాక్కుని, ఆమె చుట్టూ కూచుని గొంతు కలిపారు. వాళ్లకు తెలుసు. నలభై ఏళ్లుగా తెలుసు.

వెంకటేశం ముందు తేరుకున్నాడు. "అంటే ఇన్నేండ్లు సర్కారును మోసం జేసి పింఛను తిన్నట్టే గద! ఇంటి పన్నుకు తలుపులు పీకుతె, దీనికేం జుర్మానా? నేను కప్పిన శాలువా ఎవనికి కప్పినట్టు?"

"లడాయిల నిలవడ్డ ఛాతీకి కప్పినవు సేటూ," అంది సుశీల. మైకు దించలేదు. "నీ మూడు మడిగెల పేరు హన్మంతు ఇంక సదువలే. కూసో."

ఫౌజీ స్వెట్టరు లోపలి జేబులో నుంచి రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు. "పదకొండేండ్ల పన్ను. ఎంతయితదో నువ్వే తీసుకో హన్మంతూ. జుర్మానా సుత కోసుకో."

"మాఫీ ఉన్నది గదన్నా ఫౌజోళ్లకు..."

"మాఫీ సక్రుకు. సోమ్లాకు మాఫీ లేదు. పిలిచినప్పుడు ఇన్నేండ్లు పలుకలే, దానికి జుర్మానా ఉండాలె. సోమ్లా పేరు మీద రాయి."

హన్మంత్ కలం పట్టుకుని నీళ్లు నమిలాడు. "సర్పంచమ్మా, ఏమని రాయాలె? రాస్తె రిజిస్టరుల ఉండిపోతది. రేపు ఎవడన్న తీసుకపోయి పింఛనాఫీసుల చూపెట్టొచ్చు." వెంకటేశం వైపు చూడకుండా చూశాడు.

సుశీల ఫౌజీ మొహం చూసింది. "రాయొద్దంటవా బాపూ? నోటి మాటగనే ఉంచమంటవా?"

"రాయి బిడ్డా," అన్నాడు.

"ఇంటి నంబరు నాలుగు బై పదిహేడు," అని ఆమే ఒక్కొక్క మాటా చెప్పింది, "బానోతు సోమ్లా, హాజరు. పన్ను, జుర్మానా ముట్టినయి." హన్మంత్ రాశాడు. రశీదు చింపి ఇచ్చాడు. ఫౌజీ దాన్ని తడిసినదాన్ని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, కాసేపు అక్షరాల వైపు చూసి, వాంగ్మూలం కాగితంతో కలపకుండా వేరే జేబులో పెట్టుకున్నాడు.

ఆడవాళ్ల ఏడుపు ఇంకా సాగుతోంది. ఇప్పుడు అందులో ఒక లయ వచ్చింది, శవాన్ని ఎత్తే వేళ వచ్చే లయ. ఊరి ఆడవాళ్లు కొందరు, ఏమీ తెలియకపోయినా, కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గంగి దేన్నో సాగనంపుతున్నట్టు రోడ్డు వైపు చేయి ఊపుతోంది.

"ఇంకోటి ఉన్నది," అన్నాడు హన్మంత్ రిజిస్టరు పై పేజీ తిప్పి. "పొద్దుగాల సన్మానం తీర్మానంల బానోతు సక్రు అని రాసిన. లడాయిల కొట్లాడింది ఈయన, పేరు ఆయనది. కొట్టెయ్యాల్నా, ఉంచాల్నా?"

సుశీల ఆయన వైపు తిరిగింది. "నువ్వే చెప్పు బాపూ. సన్మానం ఎవల పేరు మీద ఉంచాలె?"

ఆయన విన్నాడు. విన్నాడని నాకు తెలుసు, ఎందుకంటే తల కొంచెం ఆమె వైపు వాలింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి, ఏడుస్తున్న ఆడవాళ్ల పక్క నుంచి, ఎవరి కాలూ తొక్కకుండా నడిచాడు. శాలువా భుజం మీద ఉందన్న సంగతి మరిచినట్టుంది. ఒక కొస నేల మీద జీరాడుతోంది. హన్మంత్ ఎత్తిన కలం ఎత్తినట్టే ఉంది. నన్ను పలకరిస్తాడేమోనని గుంజ వదిలి రెండడుగులు ముందుకు వేశాను. ఆయన నా పక్క నుంచే పోయాడు, చూడలేదు. గేటు దాటాడు. మిరప చేల దారి పట్టాడు. సక్రు పేరు మీద వేసిన కవాతు అడుగులు కావవి. మామూలు మనిషి అడుగులు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అలాగే వెళ్లిపోయాడు.